ఆ 48 సెకన్లు

"ఈ 48 సెకన్లు ఎవరికోసం?" అన్నాడు అన్నయ్య, కుర్చీ నా వైపు తిప్పకుండానే.

సొంత అన్నయ్య కాదు. నేను చేసే ప్రతి ముక్కనూ మిక్స్ చేసే సౌండ్ ఇంజినీర్. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడు, ఆ పిలుపు అలా స్థిరపడిపోయింది. ఆ రోజు మానిటర్ మీద నా పాట అలలు అలలుగా పరుచుకుని ఉంది. మొదట్లో మాత్రం అల లేదు, చీమ పాకినట్టు సన్నటి గీత. అది తంబురా. 18వ సెకను దగ్గర నా వయొలిన్ అందుకుంటుంది. గొంతు రావాలంటే 48వ సెకను దాకా ఆగాలి.

"పాట కోసమే" అన్నాను.

"పాటకేం, అది ఎక్కడికీ పోదు. వినేవాడు పోతాడు."

ఆ తర్వాత రెండేళ్లకు పైగా ఆ 48 సెకన్ల చుట్టూనే తిరిగాను.

నేను బతికేది జింగిల్స్ మీద. యాప్ తెరవగానే వినపడే చిన్న మోతలు, కంపెనీల వీడియోల వెనక ఎవరూ పట్టించుకోని సంగీతం, ప్రకటనల ట్యూన్లు. వాటి గురించి సిగ్గుపడే దశ ఒకటుండేది. ఒకసారి 6 సెకన్ల ట్యూన్‌కి 14 సార్లు మార్పులు చెప్పారు. "ఇంకొంచెం ఆనందంగా ఉండాలి మేడమ్, మరీ ఆనందంగా వద్దు" అన్నది తొమ్మిదోసారి. విసుగొచ్చి, పద్నాలుగోసారి మొట్టమొదట పంపినదాన్నే ఒక్క స్వరం తీసేసి పంపాను. "ఇప్పుడు కుదిరింది" అన్నారు. నవ్వుకున్నాను. కానీ ఆ రాత్రి రెండూ పక్కపక్కన పెట్టి వింటే, నిజంగానే ఆ స్వరం అక్కర్లేదు. డబ్బిచ్చేవాడికి చెవి ఉండదన్న నా నమ్మకానికి అది మొదటి దెబ్బ.

ఈ పాట మాత్రం ఎవరూ అడక్కుండా చేసుకున్నది. తోడి రాగం, 6 నిమిషాల 40 సెకన్లు. జింగిల్స్ మధ్య దొరికిన రాత్రుళ్లలో ఆరు నెలలు పట్టింది. నిద్రపట్టని మనిషి ఒకరు తెల్లవారడం కోసం ఎదురుచూడడం, అంతే విషయం. అందుకే మొదటి 48 సెకన్లలో ఏమీ జరగదు. నిద్రపట్టనివాళ్లకు మొదట జరిగేది అదే, ఏమీ జరక్కపోవడం. పాడిన అమ్మాయి నన్ను అక్కా అంటుంది. స్టూడియోలో లైట్లు ఆర్పేసి పాడింది.

డెమో ఒక మ్యూజిక్ కంపెనీకి పంపాను. వారంలో ఫోన్ వచ్చింది. పల్లవి చాలా బాగుందట. పాట మూడు నిమిషాల లోపు ఉండాలట, గొంతు మొదటి ఐదు సెకన్లలో వచ్చేయాలట, ట్యూనింగ్ టైట్‌గా ఉండాలట. "అంతే మేడమ్, మిగతాదంతా మీ ఇష్టం" అన్నాడు. మిగిలిందేమిటో నాకు అర్థం కాలేదు.

ఇలాంటప్పుడు మనవాళ్లలో ఎవరో ఒకరు త్యాగయ్యగారిని పట్టుకొస్తారు. నా విషయంలో మా గురువుగారే తెచ్చారు, రాజుగారి కానుకలు కాదన్న కథ. ఎదురు చెప్పలేదు. కానీ త్యాగయ్యగారు ఉంఛవృత్తితో, అంటే ఇంటింటా పెట్టే బిచ్చంతో బతికారు, నాకు వయొలిన్ మీదా మైకు మీదా వాయిదాలున్నాయి. ఆ కథ చెప్పేవాళ్లు ఈ సగం చెప్పరు.

నా బిగువు సడలించింది అన్నయ్య. "మూడు నిమిషాలంటే అంత చులకనేంటి? నువ్వు నెత్తిన పెట్టుకునే ఆ పాత రికార్డులు ఒక్కోటి ఎంతసేపుంటాయి?" అన్నాడు. ఉండేవి ఆ మూడు నిమిషాలే. 1902లో హిందుస్తానీ గాయని గౌహర్ జాన్ కలకత్తాలో గ్రామఫోన్ కోసం పాడినప్పుడు, గంటసేపు పరిచే రాగాన్ని సుమారు మూడు నిమిషాలకు కుదించింది. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు పట్టేది అంతే మరి. చివర్లో "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని గబగబా చెప్పేస్తుంది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో, అక్కడివాళ్లకు పాడిందెవరో తెలియాలి కదా. అంటే ఆ మూడు నిమిషాల్లో కూడా కొన్ని సెకన్లు ఫ్యాక్టరీ అవసరానికి పోయాయి. అయినా అందులో రాగం ఉంది. అది విన్నాక నా 6 నిమిషాల 40 సెకన్లను పవిత్రమని వాదించడం కష్టమైంది.

అప్పటి కొలత రికార్డుది, ఇప్పటి కొలత మనిషి వేలిది. స్పాటిఫైలో ఒక పాట 30 సెకన్లు నడిస్తే ఒక స్ట్రీమ్ కింద లెక్క. 30 సెకన్లు విన్నా, 6 నిమిషాల 40 సెకన్లు విన్నా ఆ లెక్క ఒకటే. ఈ రూల్ తెలిశాక నాకు నవ్వొచ్చింది. నా పాటలో 48వ సెకను దాకా గొంతే రాదు. తంబురా, ఒక ముక్క వయొలిన్ విని వెళ్లిపోయినవాడు కూడా నాకు ఒక స్ట్రీమ్ ఇచ్చే పోతాడు, పాటలో ఒక్క మాట కూడా వినకుండా. ఆ 30 సెకన్లు వాడు ఆగితే కదా, అన్నది అన్నయ్య గోల.

ఇంకో సంగతి, స్ట్రీమ్‌కి ఇంత అని రేటు ఉంటుందని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. అలా ఉండదు. నెలలో వచ్చిన ఆదాయంలో హక్కుదారుల వాటా అంతా ఒక కుప్ప పోస్తారు. మొత్తం స్ట్రీమ్‌లలో నీ పాటవి ఎన్నో వంతో, కుప్పలో నీకు అన్నో వంతు. ఎక్కడో ఒక పెద్ద స్టార్ ఆల్బమ్ వచ్చిన నెలలో, నీ పాటను అంతే మంది విన్నా నీ వాటా సన్నబడుతుంది. 2024 నుంచి ఇంకో గీత గీశారు. గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీమ్‌లు దాటని పాటకు ఆ రికార్డింగ్ వాటా అసలే రాదు.

కాంట్రాక్టు 11 పేజీలు. జింగిల్స్‌కి చదవకుండా సంతకం పెట్టేదాన్ని, ఈసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ఒక పాటకు రెండు హక్కులుంటాయని పైపైన తెలుసు. బాణీ, సాహిత్యం ఒకటి. దాన్ని పాడి వాయించి రికార్డు చేసిన ఆ ఒక్క రూపం, అంటే మాస్టర్, రెండోది. వాళ్లడిగేది మాస్టర్. అడ్వాన్స్ ఇస్తారు గానీ అది పేరుకే అడ్వాన్స్, నడకలో అప్పు. పాట సంపాదనలోంచి ముందు అది తీరాలి, దాంతోపాటు ప్రమోషన్ ఖర్చూ తీరాలి, ఆ తర్వాతే నా వంతు. ఇవన్నీ ఊహించినవే. ఊహించనిది ఏడో పేజీలో ఉంది. ఇదే పాటను నేను కొన్నేళ్ల దాకా మళ్లీ ఏ రూపంలోనూ రికార్డు చేసి విడుదల చేయకూడదు. అమెరికా పాప్ గాయని టేలర్ స్విఫ్ట్ 2021 నుంచి తన పాత ఆల్బమ్‌లను మళ్లీ పాడి విడుదల చేయగలిగిందంటే, ఇలాంటి గడువు తీరింది కాబట్టే. అప్పటికి మాస్టర్లు చేతిలో లేకపోయినా, రాసిన హక్కు ఆమె దగ్గరుంది.

నేను అడిగింది ఒక్కటే. చిన్న పాట మీరు తీసుకోండి, ఆరు నెలలయ్యాక పెద్ద పాటను నా పేరు మీద నేను పెట్టుకుంటాను. పెద్ద గొడవవుతుందని రెండు రోజులు మాటలు కూడబలుక్కున్నాను. అవతలాయన ఒక నిమిషం హోల్డ్‌లో పెట్టి వచ్చి, "దానికేం మేడమ్, పెట్టుకోండి" అన్నాడు. గెలిచాననే అనుకున్నాను. సాయంత్రానికి ఆ "దానికేం" గుచ్చుకోవడం మొదలైంది. నేను ప్రాణం పెట్టి చేసినది వాళ్లకు పోటీ కూడా కాదన్నమాట.

కోత రెండు రోజులు సాగింది. మొదట 48 సెకన్లు 4 సెకన్లయ్యాయి. వయొలిన్ ఆలాపన పోయింది, తంబురా ఒక మీటు మోగి, గొంతు. తర్వాత రెండో చరణం. దాన్ని సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కేటప్పుడు అన్నయ్య నా మొహం చూసి, "బయట కూర్చుంటావా?" అన్నాడు. కూర్చోలేదు. అతికించి మొదటినుంచి విన్నాం. లోటు తెలియలేదు. ఇది ఒప్పుకోవడానికి ఇప్పటికీ మనసు రాదు. రెండో చరణం మొదటిది చెప్పిందే ఇంకో నాలుగు మాటల్లో చెబుతోంది, అంతే. సాగదీసినదాన్ని ఇన్నాళ్లూ విస్తారం అనుకున్నాను.

అసలు యుద్ధం గాంధారం దగ్గర జరిగింది.

తోడిలో గాంధారం ఒక చోట నిలబడే స్వరం కాదు. రిషభం అంచు నుంచి మధ్యమం అంచు దాకా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపు ఆగితే తోడి పోతుంది, కీబోర్డు మీద వేలు పెట్టి నొక్కిపెట్టినట్టు ఒక బోసి స్వరం మిగులుతుంది. ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఇది తెలియదు. ఆక్టేవ్‌లో, అంటే ఒక స్థాయిలో, 12 మెట్లుంటాయి, గొంతు ఏదో ఒక మెట్టు మీద ఉండాలి, అది దాని లోకం. 1997లో గొంతు శ్రుతిని సరిచేసే ఆటోట్యూన్ తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు వెతికే రంగంలో పనిచేశాడు. భూమిలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనులను బట్టి లోపల ఏముందో లెక్కగట్టే పని. ఆ లెక్కే తర్వాత గొంతులోని శ్రుతిని పట్టుకుంది. అద్భుతమైన బుర్ర, కాదనను. కానీ మా పాట పాడిన అమ్మాయి గాంధారాన్ని ఆ కిటికీలో పెడితే, ఒక్క స్వరం మూడు ముద్దలుగా విడిపోయింది. ఒకటి రి దగ్గర, ఒకటి గ దగ్గర, ఒకటి మ దగ్గర. అన్నయ్య వాటిని గ గీత మీదికి లాగాడు. మెట్ల మీద దిగే పిల్లాడిలా గొంతు టక్కుటక్కుమంది.

"టైట్‌గా ఉండాలన్నారు కదా" అన్నాడు.

"ఇది టైట్ కాదన్నయ్యా, తాడు బిగించినట్టుంది."

నాలుగు గంటలు పట్టింది ఆ ఒక్క మాట దగ్గర. చివరికి ఒక దారి దొరికింది. గమకం, అంటే ఆ ఊపు, ఉన్న స్వరాలకు ట్యూనింగ్ పూర్తిగా ఆపేశాం. షడ్జమం, పంచమం లాంటి నిలకడ స్వరాలను మాత్రం కొద్దిగా సరిచేశాం. నిలబడాల్సినవి నిలబడేసరికి, ఊగేది ఇంకా బాగా ఊగినట్టు వినిపించింది. కంపెనీవాళ్లు విని "ట్యూనింగ్ సూపర్" అన్నారు. నా తోడి ఎక్కడికీ పోలేదు. ఇద్దరికీ కావలసింది దొరికిన చోటు ఈ పాటలో ఇదొక్కటే.

ఊపిరి విషయంలో మాత్రం ఓడిపోయాను. పల్లవికి ముందు ఆ అమ్మాయి తీసుకున్న ఊపిరి, కొంచెం వణుకుతూ, నాకు పాటలో అన్నిటికంటే ఇష్టమైన శబ్దం. మొదటి ఐదు సెకన్లలో ఊపిరి వినిపిస్తే రికార్డింగ్ తప్పులా ఉంటుందన్నారు. తీసేశాం. శబ్దం గట్టిగా ఉండాలన్న పోరు కూడా ఒకటి నడిచింది గానీ, అది తేలిగ్గా తేలిపోయింది. స్పాటిఫై ఎలాగూ పాటలన్నిటినీ మామూలుగా సుమారు మైనస్ 14 లఫ్స్ (చెవికి వినిపించే గట్టిదనానికి కొలత) దగ్గరికి సమం చేస్తుంది. ఎంత గట్టిగా మాస్టరింగ్ చేసినా అక్కడ వాల్యూమ్ తగ్గించేస్తారు, మిగిలేది నలిగిపోయిన డైనమిక్స్, అంటే శబ్దంలోని హెచ్చుతగ్గులు. ఈ మాట చెప్పాక కంపెనీ ఆయన ఇంకేం అనలేదు.

చివరికి పాట 2 నిమిషాల 50 సెకన్లకు వచ్చింది.

విడుదలకు ముందు ప్లేలిస్టుల కోసం ఫారం నింపాలి. ఏ జానర్, ఏ వాయిద్యాలు, ఏ మూడ్. నిద్రపట్టని మనిషి బాధకు మూడ్ ఏం పెట్టాలో తోచలేదు. "రిలాక్స్ పెట్టండి మేడమ్, స్లోగా ఉంది కదా" అన్నారు కంపెనీవాళ్లు. పెట్టాను.

మొదటి నెల ఎవరూ పట్టించుకోలేదు. రెండో నెలలో ఉన్నట్టుండి అంకెలు లేచాయి. లక్ష దాటాయి. నేను గాల్లో ఉన్నాను, నిజం చెప్పొద్దూ. పొద్దున లేవగానే పళ్లు తోముకోకముందే డ్యాష్‌బోర్డు. తర్వాత ఒకరోజు ఆ శ్రోతలంతా ఎక్కణ్ణుంచి వస్తున్నారో చూశాను. దాదాపు అందరూ ఒకే ప్లేలిస్టు నుంచి. నిద్రపోవడానికి పెట్టుకునే పాటల ప్లేలిస్టు అది.

నిద్ర రాని మనిషి పాట. దాన్ని పెట్టుకుని జనం హాయిగా నిద్రపోతున్నారు. నా లక్షలో ఎన్ని స్ట్రీమ్‌లు గుర్రుపెట్టే మనుషులవో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు. అన్నయ్యకు చెబితే కుర్చీలోంచి పడిపోయేంత నవ్వాడు. నేనూ నవ్వాను, కాసేపయ్యాక నవ్వు రాలేదు. పాడిన అమ్మాయికి మాత్రం ఇందులో తప్పేం కనిపించలేదు. "అక్కా, మన పాట విని ఎవరికో నిద్ర పట్టిందంటే మంచిదే కదా" అంది. దానికి జవాబు దొరకలేదు నాకు.

ఆరు నెలలయ్యాక పెద్ద పాట పెట్టాను. 48 సెకన్లతో, ఊపిరితో, ముద్దు చేసిన రెండో చరణంతో సహా. రెండో చరణం తీసేసి ఉండాల్సింది. పంతం. మొదటి 12 నెలల్లో 731 స్ట్రీమ్‌లు. ఆ వెయ్యి గీత కింద ఉండిపోయింది, అంటే రికార్డింగ్ వాటా కింద రావలసింది సున్నా. విన్న కొద్దిమందీ చివరిదాకా విన్నారా అంటే, అదీ లేదు.

ఈలోగా కంపెనీ అడ్వాన్స్ తీరిపోయింది, నాకు డబ్బు రావడం మొదలైంది. ఒక మైకు వాయిదా పూర్తిగా తీరింది. వెంటనే ఇంకోటి అలాంటిదే చేయమన్నారు. అలాంటిదే అంటే స్లోగా, తోడిలాగే ఏదో ఒకటి. జయం వచ్చాక మనల్ని మనలాగే ఉండమంటారు, నిన్నటి మనలాగ. 1983లో రాక్ గాయకుడు నీల్ యంగ్ మీద ఆయన సొంత కంపెనీ గెఫెన్ రికార్డ్స్ 33 లక్షల డాలర్లకు దావా వేసింది, చేస్తున్న ఆల్బమ్‌లు నీల్ యంగ్ పాటల్లా లేవని. అది చదివినప్పుడు జోక్ అనుకున్నాను. నా పేరు మీద మెయిల్ వచ్చాక, ఆ కంపెనీవాళ్లు ఎంత మామూలు మనుషులో అర్థమైంది. దావా దాకా రాలేదు గానీ నన్ను అడిగిందీ ఆ మాటే.

సాకులు చెబుతూ రెండు నెలలు నెట్టుకొచ్చాను. అప్పుడు మళ్లీ ఫోన్.

"మేడమ్, మీ పెద్ద వెర్షన్ విన్నాం. మొదట్లో తంబురా మీద వయొలిన్ ఉంది చూడండి, 48 సెకన్లో ఎంతో. అది మాత్రమే విడిగా కావాలి. మూడు నిమిషాలకు పెంచి ఇవ్వగలరా? గొంతు అక్కర్లేదు. నిద్రకి గొంతు అడ్డం."

ఒకప్పుడు ఎవరికోసమని ఎవరూ చెప్పలేకపోయిన 48 సెకన్లు. నాకు కోపం రావాలి, రాలేదు. ఒప్పుకున్నాను. మూడు నిమిషాలు వాయించాను, ఊపులు తగ్గించి, పైస్థాయికి పోకుండా, నిద్రపోతున్నవాళ్లు ఉలిక్కిపడకుండా. అలాంటివి ఐదు చేసిచ్చాను. జింగిల్స్ లాగే ఇవీ పనే, పని బాగా వచ్చినప్పుడు సంతోషంగానే ఉంటుంది. ఐదోది బాగా వచ్చింది.

పోయిన నెల కొత్త పాట ఒకటి మొదలుపెట్టాను. ఈసారి ఏ కంపెనీకీ పంపలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. రఫ్‌గా పాడి రికార్డు చేసుకుని అన్నయ్య దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ప్లే నొక్కాడు. రెండో సెకనులోనే గొంతు వచ్చేసింది. చివరిదాకా విని, మళ్లీ మొదటికి తెచ్చి ఆపాడు.

"ఇంట్రో ఏదమ్మా?"

నేను గమనించనే లేదు.

"ఎవరైనా చెప్పారా వద్దని?"

"ఎవరూ చెప్పలేదు."

ఆయన ఇంకేమీ అడగలేదు. పాట మొత్తాన్ని మౌస్‌తో కుడివైపుకి జరిపి, ముందు ఒక నిమిషం ఖాళీ వదిలాడు. తంబురా పెట్టి, "వాయించు" అన్నాడు. నాలుగు టేకులు వాయించాను. నాలుగోది అయ్యాక ఇద్దరం హెడ్‌ఫోన్స్‌లో విన్నాం.

"బాగుంది. కానీ ఇది నువ్వు అమ్మేసిందే కదమ్మా" అన్నాడు.

మళ్లీ విన్నాను. నిజమే, ఆ ఐదింటిలో మూడోది. ఐదో టేక్‌కి తంబురా కూడా ఆపేయమన్నాను.